శోకంలో వదిలిన జాగా

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది మైకుల గురించి. ఏ మైకు మంచిది, నోటికి ఎంత దూరంలో పెట్టాలి, గది గోడలకు ఏం కొట్టాలి. తెలిసినంత చెప్తాను. అవన్నీ ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్తారు. నేను రాయాలనుకున్నది వేరు. గోదావరిఖనిలో దాదాపు పాతికేళ్లు జనం గొంతులు రికార్డు చేసి బతికాను. ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు, పీర్ల పండుగ పాటలు, యూనియన్ పాటలు. నాకు పేరు తెచ్చిన క్యాసెట్ల సంగతి ఇక్కడ రాయను. నన్ను ఇప్పటికీ వదలనిది ఒకే ఒక్క టేపు, అందులో ఒక నాలుగైదు సెకన్ల ఖాళీ.

దయ్యాలను నమ్మే మనిషిని కాను. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన తుప్పు పొడి, అంతే. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత మీ ఇష్టం.

పాట కింద ఊపిరి

మా నాన్న రేడియో మెకానిక్. ఇంట్లో దక్కనీ, దుకాణంలో తెలుగు. ఆయన దగ్గర సోల్డరింగ్ నేర్చుకుని, ఎనభైల్లో ఒక క్యాసెట్ కంపెనీలో రికార్డింగ్ పనికి కుదిరాను. చౌరస్తా దగ్గర మేడ మీద గదికి గోనెసంచులు, పాత పరుపులు కొట్టి దానికి స్టూడియో అని పేరు పెట్టాం. ఊళ్లో అందరికీ నేను టేపు భాయ్‌ని.

మొదటిరోజు గదిలో ఎవరూ లేకుండా మిషను నడిపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. అడుగున సన్నటి హోరు. వైర్లు మార్చాను, ప్లగ్గు మార్చాను, పోలేదు. మా నాన్న వచ్చి చెవికి ఆనించుకుని నవ్వాడు. అది బొగ్గుబాయి ఫ్యాను. భూమి కింద పని చేసేవాళ్లకు గాలి ఆడించే ఫ్యాను. పండుగైనా సమ్మైనా ఆగదు. మా ఊళ్లో తీసిన ప్రతి టేపులో పాట కింద ఆ ఊపిరి ఉంటుంది. పెళ్లి పాట కింద కూడా ఉంటుంది. మొదట చిరాకు పడ్డాను. కొన్నేళ్లకు అది లేని టేపు వింటే ఒళ్లు జలదరించేంతగా అలవాటైంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, ముందు ముందు కావాలి. స్పూలు మీద చుట్టి పెట్టిన టేపులో ఒక పొర మీది గొంతు దాన్ని ఆనుకున్న పొరకు అంటుతుంది. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి ముడుచుకుని పడుకుంటే పక్క వేలికి రంగు అంటినట్టు. అందుకే పాత టేపులు వింటుంటే మనిషి ఇంకా నోరు తెరవకముందే, సెకను ముందు, అదే గొంతు అదే మాటను సన్నగా అంటుంది. టేపును తిప్పిన కొద్దీ ఆ అంటు తగ్గుతూ పోతుంది. ఇది మీ పుస్తకాల్లో కూడా ఉంటుంది. కానీ ఒంటరిగా గదిలో కూర్చుని మొదటిసారి విన్నప్పుడు పుస్తకం గుర్తుకు రాదు.

సేటు

మా యజమానిది మంచిర్యాల. అందరం సేటు అనేవాళ్లం. బట్టల వ్యాపారం నుంచి క్యాసెట్లలోకి దిగాడు. ఇలాంటివాళ్లే పాత పాటను చెడగొట్టారని ఇప్పుడు సభల్లో మాట్లాడుతుంటారు. ఆ మాట్లాడేవాళ్లలో ఒగ్గు కథ వాళ్లను ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్లు ఎందరో నాకు తెలియదు. సేటు పెట్టాడు, కొసరి కొసరి పెట్టాడు. తెల్లవార్లూ నడిచే కథను గంటలో ముగించమన్నది కూడా ఆయనే. డోలు మీదికి కరెంటు ప్యాడ్లు ఎక్కించింది కూడా ఆయనే. అయితే ఆ గంట క్యాసెట్టే లేకపోతే చాలా ఊళ్లలో ఆ కథ ఒకటుందని కూడా పిల్లలకు తెలియకపోయేది. రెండూ నిజమే, నేను కళ్లారా చూసినవే.

నా తప్పు ఎక్కడంటే, పాటను, సేటును ఇద్దర్నీ మెప్పించగల మొనగాణ్ని అనుకోవడం. ప్యాడ్లు వద్దని సేటుతో పోట్లాడేవాణ్ని, గెలిచేవాణ్ని, ఆ గెలుపుకు బదులుగా ఇంకేదో ఒప్పుకునేవాణ్ని. ఏం ఒప్పుకుంటున్నానో చూసుకునేవాణ్ని కాదు.

కప్పు లేని ఇల్లు

కమాన్‌పూర్ దిక్కు ఒక ఊరు, నేలను పై నుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో పోతున్న రోజులవి. సగం మంది తలుపులు, దూలాలు, పెంకులు ఊడదీసుకుని బండ్ల మీద వేసుకుని వెళ్లిపోయారు. ఆ ఊరివాడు ఓదెలు అప్పుడప్పుడు మా స్టూడియోకు వచ్చి యూనియన్ పాటలకు వంత పాడేవాడు. బాయిలో టబ్బుల్లో బొగ్గు నింపే పని. పాతికేళ్లుంటాయి. ఒకరోజు వచ్చి, "అన్న, మా అవ్వ శోకం పట్టుకోరాదే. ఊరు పోతున్నది. ఊరు పోతె శోకం గూడ పోతది," అన్నాడు.

శోకం అంటే చనిపోయినవాళ్ల చుట్టూ కూర్చుని ఆడవాళ్లు రాగం తీస్తూ ఏడ్చే పాట. ఓదెలు తల్లి లసుమవ్వ ఆ ఊరికి శోకం తీసే మనిషి. అత్త దగ్గర నేర్చుకుంది. మొదటి నుంచి చివరి దాకా వచ్చింది ఇక ఆమెకొక్కదానికే.

నేను మిషను ఎత్తుకుని వెళ్తే ఆమె తన ఇంట్లోకి రానివ్వలేదు. "పీనుగ లేని ఇంట్ల శోకం తియ్యరాదు కొడుకా. కప్పు తీసేసిన ఇల్లున్నది, అండ్ల కూసుందాం. అది ఇంక ఇల్లు కాదు," అంది. నేనేం ఆశ్చర్యపోలేదు. మా అమ్మ కూడా అంతే, "మయ్యత్ నై సో ఘర్ మే రోనా నక్కో" అనేది, శవం లేని ఇంట్లో ఏడవొద్దని.

కూర్చున్నాక ఆమె నాకు పద్ధతి చెప్పింది.

"శోకంల మూడు జాగలుంటయి. మొదటి జాగల పెద్దోళ్లు పిలుచుకుంటరు, కొడుకా అని, బిడ్డా అని. రెండో జాగల సాటోళ్లు, అన్నా, బావా, వదినా అని. మూడోది కడుపుల పుట్టినోళ్లది. అవ్వా, నాయినా అని వాళ్లు పిలువాలె. ఆ జాగలచ్చినప్పుడు నేను నోరు మూసుకుంట. ఎవల వరుస వాళ్లే పిలుచుకోవాలె."

"ఇప్పుడు పిలిచెటోళ్లు లేరు గదా అవ్వా?"

"గందుకే జాగ జాగనే ఉండాలె. అండ్ల ఎవ్వల్ని పిలువద్దు. పీనుగ లేకుంట పిలిస్తె, ఎవల పేరు పిలిస్తె వాళ్లనే శోకం అంటుకుంటది. మాటియ్యి."

మాట ఇచ్చాను.

మధ్యాహ్నం మూడు దాటింది. ఓపెన్‌కాస్టులో పేలుడుకు ముందు మోగే సైరన్ మోగి, నేల అదిరి, గోడల మీద నుంచి మట్టి రాలింది. అది సద్దుమణిగాక ఆమె మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకు పైగా సాగింది. గొంతు పెద్దది కాదు, ఎక్కడా వణకలేదు. జాగా వచ్చిన ప్రతిసారీ ఆమె నోరు మూసుకుని ఎదురుగా ఉన్న ఖాళీ నేలను చూసేది. హెడ్‌ఫోన్‌లో నాకు ఎవరో పిలవబోయి ఆగినట్టు అనిపించేది. మీటరు ముల్లు చూశాను, కదలలేదు.

పాట ముగిసింది. నేను మిషను ఆపేలోపు, మొదటి షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తున్న కొడుకు ఆమెకు గోడ సందులోంచి కనబడ్డాడు. అప్పటిదాకా శోకం తీసిన గొంతుతోనే, ఇంకా ఆ శ్రుతి దిగకుండానే, పిలిచింది.

"ఓదెలూ... బువ్వ తిందువు రారా."

టేపు తిరుగుతూనే ఉంది.

బ్లేడు

సేటు శోకం విని కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. ఆ వెంటనే, "ఈ ఖాళీలు ఏంది? క్యాసెట్ ఆగిపోయిందనుకుని దుకాణంల వాపస్ ఇస్తరు. ప్యాడ్లు కొట్టించు," అన్నాడు.

ప్యాడ్లు కొట్టిస్తే పని మానేస్తానన్నాను. ఆయన తగ్గాడు, నేనూ తగ్గాను. మొదటి రెండు జాగాలను కాపీ చేసేటప్పుడు మిషను ఆపి కుదించాను. మూడోది అలా లొంగలేదు. పాట అక్కడ ఎత్తుకు వెళ్లి ఆగుతుంది, కుదిస్తే గతుకు కొడుతుంది. అక్కడ ఏదో ఒక గొంతు పడాలి. అదీ ఆమె గొంతే అయితే ఎవరూ పోల్చుకోలేరు. టేపు చివర, అదే శ్రుతిలో, ఒక పిలుపు నా చేతికి అందేలా ఉంది.

అసలు టేపు మీద బ్లేడు పెట్టకూడదు. ముందు కాపీ తీసుకోవాలి, కాపీని కోసుకోవాలి. ఈ సంగతి ఆ రోజే నాకు బాగా తెలుసు. తొందరలో ఉన్నాను, పైగా నా చేతి నైపుణ్యం మీద నాకు మోజు. 'ఓదెలూ' అన్నంత మేర టేపు ముక్క కోసి, మూడో జాగా సరిగ్గా నడుమ అతికించాను. విన్నాను. అతుకు తెలియలేదు. ప్యాడ్ల బారి నుంచి ఆ పాటను కాపాడానని గర్వంగా చాయ్ తెప్పించుకుని తాగాను.

పిల్లలు పెద్దలను పిలవాల్సిన చోట తల్లి కొడుకును పిలుస్తోంది. మాట ఇచ్చిన మనిషిని నేను. ఆ చాయ్ తాగేటప్పుడు రెండూ గుర్తు రాలేదు.

జోడీ దొరకని మనిషి

క్యాసెట్ బాగా అమ్ముడుపోయింది. సెంటినరీ కాలనీ దాకా, మంచిర్యాల దాకా చాయ్ హోటళ్లలో అదే. బాయి గేటు ముందున్న హోటల్లో మొదటి షిఫ్టు వాళ్లు లోపలికి వెళ్లే వేళకు, దిగే వేళకు మోగేది. మొదట్లో ఓదెలు తోటివాళ్లు నవ్వారు. "ఏందిరా ఓదెలు, మీ అవ్వ నీకు ముందుగాల్నే శోకం తీసి పెట్టింది!" అని.

తర్వాత నవ్వడం మానేశారు. ఒకరోజు లోపల పనిచేసే చోట ఓదెలు మంచినీళ్ల కోసం పక్కకు జరిగాడు. జరిగిన నిమిషానికి, అతను నిలబడ్డ చోటనే పై నుంచి బండ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అక్కడ పని జోడీగా చెయ్యాలి, మర్నాటి నుంచి ఓదెలుతో జోడీ కట్టడానికి ఎవరూ రాలేదు. మేస్త్రీ ఎవరి పేరు చెప్తే వాళ్లు నాగా పెట్టేవాళ్లు.

అతను స్టూడియోకు వచ్చి నా ముందు కూర్చున్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"అన్న, హోటల్ల నా దిక్కు ఎవ్వలు చూస్తలేరు. చూసినా, నేను ఆడ లేనట్టు చూస్తున్నరు. చాయ్ పోసెటోడు నా ముంగట గిలాస పెడ్తలేడు. నేను ఉన్ననా, లేనా?"

"పిచ్చోడా, ఉన్నవు. ఇగో, నాతోని మాట్లాడుతున్నవు గద."

"మా అవ్వ గూడ నన్ను పిలుస్తలేదన్న. అది ఇన్నప్పటి సంది నా పేరే తీస్తలేదు. పని పడితె వచ్చి భుజం తట్టుతది."

కింద హోటల్లో అదే క్యాసెట్ మోగుతోంది. ఇద్దరం విన్నాం. మూడో జాగా వచ్చింది. పేరు పలికింది. ఓదెలు ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగాడు. పిలిస్తే పలికినట్టే తిరిగాడు. అతని మొహం చూసిన ఆ క్షణాన నేను చేసిన పని నాకు పూర్తిగా అర్థమైంది.

ఖాళీ టేపు

రెండు రోజుల తర్వాత లసుమవ్వ వచ్చింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. గది మధ్యలో కింద కూర్చుంది. ఆ రోజు నన్ను కొడుకా అనలేదు.

"చెరుపు," అంది. "మొత్తం చెరుపు. నా పాటే వద్దు."

ఆ పేరు ముక్కను కోసి చేతికిచ్చాను. ఆమె దాన్ని పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల గీసింది. నల్లటి పొగ, ప్లాస్టిక్ కమురు వాసన. మంట ఆరేదాకా చూసి, "ఇంక మిగిలింది," అంది.

మిగిలింది శోకం. ఊరు లేదు, నేర్చుకున్న కోడళ్లు లేరు, క్యాసెట్లలో ఉన్నది కుదించింది, ఆమె తర్వాత నా చేతిలో ఉన్న ఆ ఒక్క స్పూలు తప్ప జాగాలతో సహా అది లోకంలో ఎక్కడా ఉండదు. దాన్ని చెరపాలి. చెరపలేకపోయాను. వెనక్కి తిరిగి, అలమారలో ఉన్న కొత్త టేపు మిషనుకు ఎక్కించి, చెరిపేశానని చెప్పి, వినిపించాను. పాటను కాపాడడానికి అబద్ధమాడానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను: అది ఆమె సొత్తు, నేను దొంగిలించాను. రెండోసారి మాట తప్పాను.

ఆమె స్పీకరు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు విన్నది. కొత్త టేపు, సన్నటి బుస తప్ప ఏమీ లేదు.

"లోపట ఎవలో ఊపిరి తీస్తున్నరు," అంది.

"అది టేపు చప్పుడు అవ్వా."

ఆమె నా కళ్లలోకి చూసింది. కొంగు దులుపుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను సైకిల్ వేసుకుని ఊరూరా తిరిగి, కనబడ్డ క్యాసెట్ కల్లా బదులుగా కొత్త క్యాసెట్లు ఇచ్చి పాతవి వెనక్కి తెచ్చాను. సేటు రంకెలు వేశాడు, తర్వాత ఎందుకో తగ్గి కొత్తవి వేయడం ఆపేశాడు. ఆయనకూ ఒక కొడుకున్నాడు. దొంగ కాపీలు మాత్రం నా చేతికి అందలేదు. ఏడాది తర్వాత కూడా మంచిర్యాల బస్సులో ఎక్కడో వెనక సీటు నుంచి ఆ పిలుపు వినబడి దిగిపోయాను.

గేటు ముందు క్యాసెట్ ఆగాక నెమ్మదిగా ఓదెలుకు జోడీ దొరికాడు. అతనికి ఏమీ కాలేదు. లసుమవ్వ మాత్రం బతికినన్నాళ్లు మళ్లీ కొడుకును పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే ఎవరు వింటారో అని ఆమె భయం. పెళ్లిలో పిలవలేదు, మనవరాలు పుట్టినప్పుడు పిలవలేదు. భుజం తట్టేది.

మూడో జాగా

తొంభైలు సగం దాటాక, ఒక పొద్దున ఓదెలు వచ్చాడు. బట్టలు తడిగా ఉన్నాయి.

"అవ్వ పోయిందన్న. ఊరోళ్లు తలో దిక్కయిరి. శోకం తీసెటోళ్లు ఒక్కలు లేరు. నువ్వా టేపు పట్టుకుని రా."

"ఏ టేపు?" అన్నాను.

"అవ్వ ఎప్పుడో చెప్పింది. టేపు భాయ్ చెరుపలే, దాసిండు, నేను పోయిన్నాడు అడుగు అని."

స్పూలు మిషను ఆటోలో వేసుకుని వెళ్లాను. కొత్త కాలనీలో, క్వార్టరు ముందు, చాప మీద ఆమె ఉంది. చుట్టూ కోడలు, ఇరుగు పొరుగు ఆడవాళ్లు, శోకం అలవాటు లేనివాళ్లు, ఎలా ఏడవాలో తెలియక కూర్చున్నారు. మిషను ఆమె తల పక్కన పెట్టి నడిపాను. ఆమె గొంతు ఆమె మీదే శోకం ఎత్తుకుంది. వాకిట్లో ఒక్కరు కదల్లేదు.

మొదటి జాగా వచ్చింది. అక్కడ ఆమెకంటే పెద్దవాళ్లు ఎవరూ లేరు, అది ఖాళీగానే పోయింది. రెండో జాగాలో, ఎవరూ చెప్పకుండానే, ఒక ముసలమ్మ "వదినా" అని పిలిచింది. ఆ పిలుపుతో అందరికీ ఏడుపు కట్ట తెగింది. ఓదెలు మాత్రం స్పీకరు పక్కన రాయిలా కూర్చున్నాడు. కళ్లు పొడిగా ఉన్నాయి.

మూడో జాగా దగ్గరికి వస్తుంటే నాకు చప్పున గుర్తొచ్చింది. ఆ పేరు ముక్క కొన్ని నెలలు ఆ స్పూలులో చుట్టి ఉంది. ముక్కను కాల్చేశాం. పక్క పొరలను కాల్చలేదు. నా వేలు మిషను మీట మీదికి వెళ్లింది, కానీ నొక్కలేకపోయాను.

పాట ఎత్తుకు వెళ్లి ఆగింది. బుస. ఆ బుస లోపలి నుంచి, గోడ అవతల ఎక్కడో నిలబడి పిలిచినట్టు, సన్నగా:

"ఓదెలూ..."

ఏడెనిమిదేళ్లుగా ఆమె నోట రాని పేరు. నేను విన్నాను, ఓదెలు విన్నాడు. ఇంకెవరు విన్నారో తెలియదు. అతను తల ఎత్తి, చిన్నప్పుడు గల్లీలో ఆడుకుంటూ పలికినట్టు, "ఆఁ... అవ్వా," అన్నాడు. అక్కడ కడుపున పుట్టినవాడు పిలవాల్సిన పిలుపు అదే. అని, తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు.

ఆ తర్వాత ఏటా ఆమె పోయిన రోజున అతను నా దగ్గరికి వస్తాడు. మొత్తం వద్దు, ఆ ఒక్క చోటు పెట్టమంటాడు. తిప్పిన కొద్దీ అంటు తగ్గుతుందని అతనికి చెప్పాను. "తగ్గనియ్యన్నా," అన్నాడు. ఏటికేడు ఆ గొంతు ఇంకా దూరం జరుగుతూ వచ్చింది.

ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చింది, పాత పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. తెలివైన పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. శోకం విని, బుస తీసేసి శుభ్రం చేసి ఇస్తానంది. మిగతాదంతా నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, ఓదెలును అడిగి చెయ్యి, ఆ మూడో జాగా జోలికి మాత్రం వెళ్లకు అన్నాను. అందులో ఏమీ లేదు కదా అంకుల్ అంది. మీటరు చూపించింది, ఏమీ లేదు.

పోయిన ఏడు ఓదెలు వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని, స్పీకరు అతనికి పెట్టాను. చెవులు రిక్కించి విన్నాను. బుస తప్ప నాకేమీ వినబడలేదు. ముగిసిపోయింది అని చెబుదామని అతని వైపు తిరిగాను.

"ఆఁ అవ్వా," అంటున్నాడు ఓదెలు.